రిజిస్టరులో ఒక గడి

తప్తపాణి బురద అది.
లిపికా మేడం సిరంజితో పీల్చి
సీసాలోకి దింపిన రోజు
నా చేతులకంటిన గంధకం వాసన
మూడు స్నానాలకీ వదల్లేదు.

"గాలి సోకితే చస్తాయి, కోదండం.
చల్లబడితే పడుకుంటాయి."
మనుషుల్ని తిట్టే తిట్లన్నీ
వీటికి దీవెనలు:
ఊపిరాడకపోవడం, ఉడికిపోవడం.

మూతికి రబ్బరు బిరడా, దానిమీద రేకు టోపీ.
లోపల నీళ్ళు తేటగా ఉంటే క్షేమం.
గులాబీ రంగు తిరిగిందా,
ఎక్కడో గాలి దూరినట్టే.
మా పసిదాని బుగ్గ మీద చూసి మురిసే రంగు
ఇక్కడ చావు కబురు.

తుఫాను బరంపురం మీదుగా పోయిన రాత్రి
కరెంటు పోయింది.
జనరేటరులో డీజిలు తెల్లారేసరికి సరి.
పెట్టె మీద ముల్లు
అరవై, యాభై నాలుగు, నలభై ఏడు.
మేడం కటకంలో చిక్కుకుపోయింది, ఫోను మోగదు.

పదకొండు సీసాలు
కాచిన ఇసుక మూటలో పాతిపెట్టి
పడిన చెట్ల మీదుగా సైకిలు మోసుకుంటూ
దిగపహండి దారి పట్టాను.
మా బావ దాలినాయుడి మిల్లులో
ఊకపొయ్యికి కరెంటుతో పని లేదు.

ధాన్యం నానే తొట్టిలో వేలు ముంచి చెప్పాడు:
"ఏడు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే వేడి చాలదు.
మూడుకే లాగేస్తే ఎక్కువ.
అయిదుకి లాగేవా, అదీ ఉప్పుడు బియ్యం."

గోనెసంచిలో సీసాలు, తాడు కట్టి దింపేం.
రెండు రాత్రులు వంతులేసుకుని ఊక ఎగదోసేం.
"ఏం చేస్తాయిరా ఇవి?"
"చక్కెర తిని పులుపు చేస్తాయి."
"అదెంత, మీ అక్క తరవాణి కుండ చెయ్యదూ?"
చెయ్యదు బావా, ఇంత పొదుపుగా చెయ్యదు.
ఒక్క చక్కెర పలుకు విరిచి మూడు పులుపులు,
వదిలిన ఆవిరిని కూడా మళ్ళీ నోట్లో వేసుకుని.
నీ మిల్లులో ఊక పోదూ, తవుడు పోదూ, నూక పోదూ?

బావ కాసేపు మంటకేసి చూసి
"అయితే వాటి పెరట్లో కోళ్ళు బతకవు" అన్నాడు.

మూడోనాడు మేడం వచ్చి సూదితో బొట్టు తీసింది.
ముక్కు మండింది. సిర్కా.
రెండు సీసాలు మాత్రం గులాబీ తిరిగేయి,
వాటిని కడగడానికి నాకో పూట పట్టింది.

రిజిస్టరులో ఆ రెండు రోజుల గడి ఖాళీ.
ఉష్ణోగ్రత ఎంతని రాయను?
"అయిదు లెక్కపెట్టేంత" అని రాసేను.
మేడం కొట్టెయ్యలేదు.
కింద సంతకం పెట్టింది, ఒడియాలో.