ఓరచూపు

మొదట వంగింది కిటికీ చట్రం.
ఇడ్రియాలో మా ఇళ్ళు పాతవి, కిందంతా పాదరసం గని,
నేల కుంగిందేమో అనుకున్నాను.
మేస్త్రి వచ్చి మట్టపుబద్ద ఆనించి
"నిటారుగానే ఉంది, మిలోయ్కా" అని నవ్వి పోయాడు.
మర్నాడు చర్చి గంటస్తంభం కూడా నడుం వంచింది.
అప్పుడు తెలిసింది కుంగింది నేల కాదని.

ల్యుబ్లానాలో డాక్టరమ్మ నా కంటి వెనక బొమ్మ తీసింది.
ఎడమ కంట్లో తడి, కుడి కంట్లో పొడి అంది,
రేపటి వాతావరణం చెప్పినట్టు.
తడికంటికి నెలకో సూది.
సూది నొప్పేమీ కాదు,
రెప్పలు కదలకుండా బిగించాక
అది ఏ వైపునుంచి వస్తుందోనని చూసే క్షణం ఉందే, అదీ నొప్పి.
పదిహేడు అయ్యాయి.
బస్సులో తిరిగొస్తుంటే కంట్లో నల్లటి బుడగ తేలుతూ నాతో వస్తుంది.
దానికో పేరు పెట్టాను. చెప్పను.

ఫ్రిజ్ మీద గళ్ళ కాగితం అంటించాం.
పొద్దున్నే ఒక కన్ను మూసి నడిమి చుక్కను చూడాలి,
గీతలు కొత్తగా అలలైతే వెంటనే ఫోన్ చెయ్యాలి.
అరవై ఏళ్ళు లేసు అల్లినదాన్ని,
చిల్లు లేకపోతే లేసే లేదని నాకొకరు చెప్పాలా?
చుట్టూ దారం నిలిచినంతసేపే చిల్లు నిలుస్తుంది.
ఆ దారం కోసమే
ఎండలో అడుగుపెడితే అంచుల టోపీ, నల్ల కళ్ళద్దాలు.
పాలకూర నాకెప్పుడూ సయించలేదు.
తింటున్నాను.

మనుషుల దగ్గరే వచ్చింది చిక్కు.
నేరుగా చూస్తే ముఖం ఉండదు,
తడిచెయ్యి తగిలి అలికిపోయిన సిరా ఉంటుంది.
పక్కకి చూస్తే ఒక చెవి, పెదవి చివర, సగం నవ్వు దొరుకుతాయి.
అందుకే బేకరీలో పావ్లా పలకరిస్తే
రొట్టెల బుట్టను చూస్తూ బదులిచ్చాను.
చూసీ చూడనట్టు పోతోంది,
కళ్ళు నెత్తికెక్కాయని వీధంతా చెప్పిందామె.
నెత్తికి కాదే పావ్లా, కణతలకొచ్చాయి.
పడుచుతనంలో మా ఆయన్ని కూడా
కళ్ళలోకే చూశాను, సిగ్గులేని పిల్లనన్నారు.
డెబ్బై ఎనిమిదో ఏట ఓరచూపు నేర్చాను,
అదీ రొట్టెల మీద.

మా అమ్మకీ చివర్లో ఇంతే.
అప్పుడు దాని పేరు ముసలితనం.
వంశంలో ఉందంటే పొగ ఇంకా చేటని
డాక్టరమ్మ మా త్సిరిల్‌తో గట్టిగానే చెప్పింది.
వాడు తలూపాడట. నాకు కనబడలేదు.

రాత్రి తిన్నాక "చెత్త పడేసొస్తా" అని పెరట్లోకి పోతాడు.
నేను దీపం ఆర్పి, కిటికీ దగ్గర నిలబడి
వాడివైపు కాక ఆల్‌బుఖారా చెట్టు వైపు చూస్తాను.
చూపు అంచున ఒక ఎర్రటి చుక్క
పెద్దదవుతుంది, చిన్నదవుతుంది.

నిన్న తలుపు తీసి అరిచాను:
"చెత్తకి అంతసేపేమిట్రా?
నీ ముఖం కనబడదు గానీ నీ నిప్పు కనబడుతోంది."
కాసేపు చప్పుడు లేదు.
చుక్క జారి మాయమైంది.
నలిపేశాడో, వీపు వెనక దాచాడో,
ఆ సంగతి మాత్రం
ఎటు తిరిగి చూసినా అందలేదు.