చీకటి గది వెనక

పాలకొండలో నా ఫోటో స్టూడియో మూసి పదేళ్లు.
బోర్డు ఉంది, అక్షరాలే లేవు.
చీకటి గది ఉత్తరపు గోడకీ ప్రహరీకీ మధ్య
మూడు గజాల తడి.
అక్కడ తులసి బతకలేదు.
బంతిమొక్క వెలుగు కోసం మెడ సాచి సాచి చచ్చింది.
ఫెర్న్ మాత్రం అద్దెకి దిగినట్టు కాదు,
సొంతింటికి వచ్చినట్టు కాలు చాపింది.

మొదటి మొక్క తెచ్చింది సవర సుంబరి,
సీతంపేట సంతకి అనాసలు మోసుకొచ్చే మనిషి.
రేషన్ కార్డు ఫోటోకి డబ్బులు పుచ్చుకోలేదని
గెడ్డ ఒడ్డున రాతిసందులోంచి పెరికి, అడ్డాకులో చుట్టి ఇచ్చింది.
నేను పాతిన తీరు చూసి నెత్తి కొట్టుకుంది:
"పీకల్దాకా పాతెట్టీసినావేటి బాబూ,
ఊపిరాడొద్దేటి దానికి?"
పైకి లాగి, దుంప సగం కనబడేలా నిలబెట్టి
కుళ్ళిన పనసాకు చుట్టూ ఒత్తింది.
వెళ్తూ వెళ్తూ అంది: "దాన్ని ఎక్కువ సూడకు."

చూడడమే కదా నా వృత్తి.
ఎక్కువే చూశాను.
ఒక ఏడు యూరియా చల్లి నాలుగింటిని చంపాను.
ఆకు అడుగున వరసగా గోధుమ చుక్కలు కనిపిస్తే
తెగులనుకుని సబ్బునీళ్లు కొట్టాను.

తుఫాను రాత్రి పనసచెట్టు పోయింది.
తెల్లారేసరికి ఆ మూడు గజాల మీద
అంత ఆకాశం!
మూడో రోజుకి ఆకులన్నీ వేయించిన అప్పడాలు.
ఏదో ఒక గుడ్డ కోసం వెతికితే
స్టూడియో తెర దొరికింది:
జలపాతం, రెండు హంసలు, ఎక్కడికీ వెళ్ళని మెట్లు.
ఊళ్ళో సగం జంటలు దాని ముందు నిలబడినవాళ్లే.
నాలుగు మేకులు కొట్టి పందిరిలా కట్టాను.
ఇప్పుడు మధ్యాహ్నపుటెండ
హంసల్లోంచి వడకట్టుకుని నీలంగా దిగుతుంది.

ఆషాఢంలో
మొదలు దగ్గర పసిపిడికిళ్లు లేచాయి,
నూగుతో, బిగుసుకుని, ఫిలిం చుట్టల్లా.
ఒకదాన్ని వేలితో విప్పబోయాను. విరిగింది.
ఫిలింని తొందరపడి వెలుతుర్లో విప్పితే ఏమవుతుందో
నలభై ఏళ్లుగా తెలిసినవాణ్ణి.

మొన్న రాత్రి ముదురాకు ఒకటి కోసి
చుక్కలు కిందికి వచ్చేలా
తెల్లకాగితం మీద పరిచాను.
ఫ్యాను ఆపి, చెమటలోనే పడుకున్నాను.
పొద్దున్నే ఆకు లేపితే
కాగితం మీద ఆకు!
గోధుమ పొడిలో, ఈనె ఈనెకీ, అంచు అంచుకీ.
లైటు లేదు, నెగెటివ్ లేదు, మందునీళ్లు లేవు.
నా చేతిలో ఇంత శుభ్రమైన ప్రింటు
ఎప్పుడైనా తేలిందా అని ఆలోచిస్తుంటే
తుమ్ము వచ్చింది.

సగం ఎగిరి తడి ఇటుకల మీద పడింది.
మిగతా సగం నేనే ఊదాను.

సోమవారం సంతలో సుంబరికి చెప్తే
అనాస చెక్కుతూనే నవ్వింది:
"మా గెడ్డ కాడ ఎవులు ఊదినారు బాబూ?"
నిజమే.
ఇటుకలు కడగడం మాత్రం మానేశాను.