కాగితం వైపు చూడొద్దు

గురువారం సాయంత్రం, లైబ్రరీ పై గదిలో
లేలో టీచర్ మా ముందు పళ్లేలలో
తలా ఒక హెర్రింగ్ చేప పెట్టింది.
"పెన్సిల్ ఎత్తొద్దు. కాగితం వైపు చూడొద్దు.
చేపకే కళ్లప్పగించండి" అంది.

నాకు నవ్వొచ్చింది.
ముప్పై ఆరేళ్లు ఈ సారెమా దీవి ఫ్యాక్టరీలో
నిమిషానికి ఇరవై చొప్పున కడుపులు చీల్చినవాణ్ణి.
చేప గురించి నాకా చెప్పేది!

మొప్ప దగ్గర మొదలెట్టాను.
వంపు అనుకున్నాను. వంపు కాదు.
తలుపు సందులా నిటారుగా దిగి
మధ్యలో మనసు మార్చుకుని
పొట్ట కిందికి జారుకుంది.
వీపు నలుపనేవాణ్ణి ఇన్నాళ్లూ.
నలుపెక్కడ?
ఆకుపచ్చ, దాని అడుగున నీలం,
దీపం పడ్డచోట అరిగిన చెంచా రంగు,
ఆ పక్కన ఇంకేదో, దానికి నా దగ్గర పేరు లేదు.
పెన్సిల్ నత్తలా నడిచింది.
అరగంటకి తోక చేరాను.

తీరా చూస్తే
బంగాళాదుంపకి కాలు విరిగినట్టుంది.
పోస్టాఫీసు వీవి పకపకా నవ్వింది,
తన చేపకి కళ్లు రెండూ ఒకేవైపున్నా సరే.
లేలో నవ్వలేదు.
మొప్ప మీద వేలు పెట్టి
"ఇక్కడిదాకా చూశావు" అంది.
"ఇక్కణ్ణించి గుర్తున్నది గీశావు."

ఆ మాట జేబులో వేసుకుని ఇంటికి నడిచాను.
దారంతా మంచు. తెల్లగా లేదు.
స్తంభం కింద పసుపు, నా అడుగుల గుంటల్లో ఊదా.
చర్చి గోడ దగ్గర ఆగి
మిగతావి లెక్కపెట్టబోయి, చలికి వదిలేశాను.

వంటింట్లో హెల్వె రై రొట్టె కోస్తోంది.
బూట్లయినా విప్పకుండా
కత్తి పట్టిన ఆ చేతిని
మొప్పని చూసినట్టే అంచు వెంట చూశాను.
చిటికెన వేలు మిగతా వాటితో కలవలేదు.
వెలివేసినట్టు పైకి వంగి, ఒంటరిగా.

"ఆ వేలికేమైంది?"
"ఏ వేలికి?"
"చిటికెన వేలికి. ఎప్పట్నుంచి?"
కోయడం ఆపలేదు.
"ఉర్వె పుట్టిన ఏడాది, ఫెర్రీ తలుపులో నలిగింది.
నువ్వే కట్టు కట్టావు."

కట్టిన చేతులు ఇవే.
కళ్లు అప్పుడు ఎవరికి అప్పగించానో.

పెన్సిల్ కోసం కోటు తడుముతూ
"కదలకు" అన్నాను.
"ముందు నీ కాళ్ల కింద చూడు" అంది.
చూశాను. బూట్ల చుట్టూ కరిగిన మంచు మడుగు,
అందులో తలకిందులుగా మా వంటింటి దీపం.

తుడిచే గుడ్డ ఎక్కడుంటుందో
ఆమెనే అడగాల్సి వచ్చింది.