గోడ కిరాయి

మా మేనత్త లచ్చుబాయి ఇల్లు
సిరొంచ బస్టాండు ఎదురు సందులో మొదటిది.
నా చిన్నప్పుడంతా ఆమె గోడ మీద
ఒక పసుపు పచ్చ ఎద్దు, పక్కన ఎరువు బస్తా.
చాందా నుంచి జీపులో వచ్చినాయన
నిచ్చెన వేసి, సున్నం కొట్టి, ఎద్దును గీసి,
అత్తకు ఒక స్టీలు డబ్బా, ఒక తువ్వాల ఇచ్చి పోయాడు.
"గోడ నాది, ఎద్దు వాళ్లది" అనేది అత్త.
ఏడాదికోసారి ఎద్దుకు కొత్త రంగు,
గోడకు ఊరికే సున్నం.
అంతే బేరం.

నా గోడ కరెంటు ఉన్నప్పుడే ఉంటుంది.
జిరాక్స్ షాపులో, లామినేషన్ మిషన్ వెనక కూర్చొని
ఎనిమిదేళ్లుగా తెలుగులో రాస్తున్నాను:
ప్రాణహిత ఈ పొద్దు ఎన్ని మెట్లు మునిగింది,
తునికాకు కట్టకు ఏ కల్లంలో ఎంత,
అంకీస అంగడిలో మిరప ధర,
ఆలాపల్లి బస్సు ఉందా, చెడిపోయిందా.
ఈ అక్షరాలు నాకు బడి నేర్పలేదు, బడి మరాఠీది.
నది అవతలి నుంచి వచ్చే బస్సుల నుదుట
కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను.
అందుకే ఇప్పటికీ నా రాతలో ఊళ్ల పేర్లకు తప్పులుండవు,
మిగతా మాటలకుంటాయి.

మొదటి డబ్బుకు ముందు ఒక కవరొచ్చింది.
"బాయీ, పరదేశాహూన్ పత్ర్ ఆలం" అని
సైకిలు దిగకుండానే అరిచాడు వామన్ పోస్టుమన్.
లోపల ఆరంకెలు,
తోకల వనమాల అనే మనిషి
ఈ భూమ్మీద ఉందని రుజువు.
వంద డాలర్లు నిండితేనే ఇస్తారు.
నిండటానికి పద్నాలుగు నెలలు.
దాంతో షాపుకు బ్యాటరీ కొన్నాను.
నీటిమట్టం పక్కన బెంగళూరు ఫ్లాట్లు అమ్మేవాళ్లు,
తునికాకు రేటు కింద మోకాళ్ల నూనె.
నూనె సరే, వంగి ఆకు కోసేవాళ్లకు పనికొస్తుంది.
ఫ్లాట్లు ఎవరికో నాకు ఇప్పటికీ తెలీదు.

ఈ ఏడు వాన వచ్చింది, జనం రాలేదు.
లెక్కల గీత జూలైలోనే ఎండిపోయింది.
ఒక రాత్రి, ఎందుకో, నేనే ఫోన్‌ను అడిగాను:
ప్రాణహిత ఎంతుంది?
"పదకొండు మెట్లు మునిగాయి, పన్నెండోది తడిసింది."

సర్కారు మీటర్లలో చెబుతుంది.
మెట్లు లెక్కపెట్టేది నేనొక్కదాన్నే.
తడిసింది అనేది నా మాట.
ఊరి మొగదాలే ఎవరో నిలబడి
గోడ మీద ఏముందో అడిగినవాళ్లకు చెప్పి
అట్నుంచటే పంపేస్తున్నారు.
సందులోకి ఎవరూ రారు.
ఎద్దును ఎవరు చూడాలి?

కంపెనీ మెయిలులో నన్ను భాగస్వామి అన్నారు.
జవాబుల్లో వాడిన మాటలకు వాటా ఇస్తారట,
కొత్త పథకం, త్వరలో.
జాబితాలో మీ భాష ఇంకా లేదు.

కోపమొచ్చింది. ఒక రోజు ఘాట్‌కు పోలేదు.
ఏమీ రాయలేదు.
ఫోన్ మాత్రం ఆగలేదు,
నిన్నటి నీళ్లే ఇవాళ కూడా చెప్పింది.
సాయంత్రం ఆసరెల్లి నుంచి దుర్గం పోచం:
"అక్కా, నువ్వేం రాయలే. మోటరు ఒడ్డుకు గుంజాల్నా, వద్దా?"
చెప్పు చేతబట్టుకొని ఉరికాను.
పదిహేను మెట్లు.
పదహారోది నేను చూస్తుండగానే పోయింది.

"గుంజు" అన్నాను.

మర్నాడు బురద కాళ్లతో వచ్చాడు.
మోటర్లు రిపేరు చేస్తాడు, ఆ సంగతి పెట్టమన్నాడు,
నెలకు రెండొందలిస్తాడట.
మరి ఆరంకెల కవరో అంటే నవ్వాడు:
"నువ్వెక్కడుంటవో నాకెర్కలేదా?"

రెండొందలకు బ్యాటరీ రాదు.
పన్నెండు నెలలు వేసి చూసినా రాదు.
లెక్క కాగితం మిషన్‌లో పెట్టి
లామినేషన్ చేశాను, ఎందుకో.

అత్త గోడకు ఇప్పుడు రంగు వేసేవాళ్లు లేరు.
సున్నం పెచ్చు రాలిన చోట
ఎద్దు కొమ్ము ఒకటి పసుపుగా కనబడుతుంది.
ఆ కంపెనీ ఉందో మూసేశారో
చాందాలో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.