ఆగాదు

కాగితంలో పదమూడో వాక్యం:
రోగి బంధువులకు రీఅష్యూరెన్స్ ఇవ్వవలెను.
మాటకి రూపాయి పావలా లెక్కన
కరపత్రం మొత్తం తెలుగు చెయ్యాలి నేను.
మద్రాసు సెంట్రల్ ఎదురుగా పెద్దాసుపత్రి,
గుండె వార్డు బయట సిమెంటు బెంచీ.
ఫ్యాను కిందే కూచున్నా
మోచేతికి అంటుకుంటోంది కాగితం.

'హామీ' అని రాసి కొట్టేశాను,
వేదికలెక్కీ ఎక్కీ గొంతు బొంగురుపోయిన మాట.
'భరోసా' ఏదో పథకం పేరులా ఉంది.
'అభయం' అంటే అరచెయ్యెత్తి నిలబడాలి,
ఇక్కడ నర్సుల చేతులు ఖాళీగా లేవు.
'ఊరడింపు' మిగిలింది. అది
ఏడుపు మొదలయ్యాక గానీ రాదు.

పక్కన మస్తానమ్మ. నాయుడుపేట అవతల ఏదో పల్లె.
ఒళ్లో పెంచలయ్య చొక్కా, చొక్కా మీద
ఆయన చేతివాచీ.
తలుపు వెనక ఆయన గుండెలోకి తీగ పంపుతున్నారు.
"తొడలోంచి గుండెకాయ దాకా దోవ ఉంటాదా మ్మా?"
ఉంటుందన్నాను.
అంతకు మించి నాకూ తెలీదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు కాదు,
ఆయా సెల్వనాయకి, బకెట్టుతో.
దాటిపోబోతూ ఈమె మొహం చూసి ఆగింది.
బకెట్టు కింద పెట్టింది.
తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని
ఈమె భుజమ్మీద వేసి,
"ఒన్నుం ఆగాదు మా" అంది.
బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఏమీ కాదమ్మా, అని అర్థం.
చెప్పబోయాను. అప్పటికే మస్తానమ్మ
చొక్కా మడత సర్దుతూ తనలో తను:
"ఆగదంట.
ఆగదని చెప్పిపోయింది, మహాతల్లి.
ఆగదంట."

రెండు భాషలూ వచ్చినదాన్ని.
తప్పులు దిద్దడమే తిండి పెడుతోంది నాకు.
నోరు మెదపలేదు.

లోపలి సంగతి సెల్వనాయకికేం తెలుసు?
ఆ గదిలో ఆమె చూసేది నేలని.
అయినా ఒక మాట వేసి పోయింది,
జారే చోట గోనెపట్టా వేసినట్టు.
దాని మీద కాలు పెట్టింది ఈమె, అంతే.
పట్టా మీద ఏ భాషలో ఏం రాసుందో
ఎవరు చూస్తారు.

నేను లేచేసరికి వాచీలో నాలుగుంపావు.
తలుపు ఇంకా మూసే ఉంది.
మస్తానమ్మ సంచీలోంచి తీసి
సగం అరటిపండు తిన్నది, పొద్దుటినించీ మొదటిసారి.
మిగతా సగం నాకిచ్చింది.

పదమూడో వాక్యంలో 'ధైర్యం చెప్పవలెను' అని ఇచ్చాను.
రెండు మాటలు, రెండున్నర రూపాయలు.
ముందు చెయ్యి తుడుచుకోవలెను,
అని కూడా రాసుండాల్సింది.