గీతలు చూసే ఉద్యోగం

గ్రిమ్స్‌బీ రేవులో ఆ షెడ్డు
మొదట్లో చేపలది.
మా అమ్మ అందులో ముప్పై ఏళ్లు
పొట్టలు చీల్చింది, ముళ్లు తీసింది.
పడవలు ఆగిపోయాక
ఖాళీ షెడ్డుకి పసుపు రంగేసి
'లాంటర్న్ పోస్ట్' అని బోర్డు పెట్టారు.
ఇంటర్నెట్లో సినిమా ఎంచుకో,
ఎల్లుండికి నీ గుమ్మంలో పడుతుంది,
చూశాక అదే కవర్లో తిరిగి పడెయ్.
అంతే వ్యాపారం.
వాన పడితే మాత్రం గోడలు
ఇంకా చేపల వాసనే వేసేవి.

నా పని గీతలు చూడటం.
తిరిగొచ్చిన డిస్కుని ట్యూబులైటు కింద వాల్చి
అమ్మ చేప కన్ను చూసినట్టు చూడాలి,
తాజాదా, చెడిందా అని.
అనుమానమొస్తే మెషీన్లో పెట్టి
గీత పడ్డ చోట ఒక్క నిమిషం ఆడించాలి.
పదకొండేళ్లలో అలా
వేల సినిమాల నడిమి నిమిషాలు చూశాను.
ఎవరో తలుపు తీస్తారు, ఎవరికోసమో తెలీదు.
ఒకామె ఉత్తరం చింపుతుంది, ఏం రాసుందో తెలీదు.
ఇంతలో మీట నొక్కాలి. తర్వాతి డిస్కు.

జనం మొహాలు తెలీవు గానీ వేళ్లు తెలుసు.
కార్లైల్ నించి వచ్చేవాటికి జామ్ అంటుకునుండేది.
హల్‌లో ఎవరి పసివాడో ఓ డిస్కుని కొరికాడు,
కింది పళ్లు రెండే వచ్చినట్టున్నాయి.
ఓబన్‌లో ఫార్కర్ గారు
కవర్లో చీటీ పెట్టేవాడు:
"బాగుంది. కుక్క చచ్చిపోవడం బాలేదు."
జవాబివ్వడం రూల్సుకి విరుద్ధం.
ఒక్కసారి రాశాను:
"నేనెప్పుడూ అంతవరకు చూడలేదండీ."
అప్పట్నించి ప్రతి డిస్కుతోనూ
ముగింపు రాసి పంపడం మొదలెట్టాడు,
నీలం సిరాతో, నాలుగైదు వాక్యాల్లో.

ఆ మూడేళ్లూ పాలపొంగే.
రెండు షిఫ్టులు మూడయ్యాయి.
మేనేజరు ట్రెవర్ పాస్కో
వెండిరంగు కారు కొని
కిటికీలోంచి మాకు కనపడేలా నిలిపేవాడు.

పొంగు చల్లారిందని ముందు చెప్పింది
లెక్కలు కాదు, రబ్బరు బ్యాండ్లు.
ఉత్తరాల కట్టలు విప్పి బ్యాండ్లు ఓ బకెట్లో వేసేవాళ్లం.
మధ్యాహ్నానికి నిండే బకెట్
సాయంత్రానికి సగమే,
తర్వాత అడుగు కూడా కనపడుతూ.
విల్మా దాన్ని తీసుకెళ్లి
కారుతున్న కప్పు కింద పెట్టింది.

లండన్ నించి ఒక కుర్రాడొచ్చి
సినిమాలిక తీగల్లోంచే వస్తాయన్నాడు.
డిస్కు అక్కర్లేదు, కవరు అక్కర్లేదు.
మమ్మల్ని మాత్రం అక్కర్లేదని అనలేదు,
బిస్కెట్లు తీసుకోమన్నాడు.
ఏరు దాటాక తెప్ప తగలేయడం మాకు కొత్తా,
ట్రాలర్లనే తుక్కు కింద అమ్మిన రేవిది.

ఆఖరి వారం లారీలొచ్చాయి.
డిస్కుల్ని పిండి చేసి
రోడ్డు మీద పెట్టే కోన్లు పోస్తారట.
విల్మా ఓ సంచీడు పట్టుకెళ్లి
బఠాణీ పాదుల మీద దారాలతో కట్టింది.
పావురాలు మొదటి రెండ్రోజులు భయపడ్డాయి.

ఫార్కర్ చీటీలు నా దగ్గరున్నాయి,
బిస్కెట్ డబ్బాలో, రెండొందల పైచిలుకు.

మొన్న మేనల్లుడు కీరన్ వాళ్లింట్లో
టీవీలో అన్నీ వరసగా ఉన్నాయి,
ఏది కావాలంటే అది.
రైల్వే స్టేషనూ, చేతి తొడుగులు పోగొట్టుకున్న ఆమె,
నేను నిమిషమే చూసిన సినిమా కనపడింది.
మొదట్నించీ చూశాను.
నా గీత పడ్డ చోట
బొటనవేలు దానంతటదే మీట వెతికింది.
సినిమా ఆగలేదు.

చీటీలో ఇలా ఉంది:
"పరిగెత్తుకొచ్చి రైలందుకుంది.
అతను కిటికీ పక్క చోటు ఆపి ఉంచాడు."
సినిమాలో రైలు వెళ్లిపోయింది.
ఆమె అలా నిలబడే ఉంది,
పేర్లు పైకి జరుగుతున్నా.

ఇంటికొచ్చి
డబ్బాలో చీటీలన్నీ మళ్లీ చదివాను.
ఒక్క కుక్కా చావలేదు.
ఒక్కరికీ రైలు తప్పలేదు.

మిగతా సినిమాలు చూడమని కీరన్ అడుగుతున్నాడు.
కళ్లు నొప్పులన్నాను.