నీలం నీళ్ళల్లో పది నిమిషాలు

ఫర్వానియాలో బకాలా మీద రెండో అంతస్తు.
ఏసీ కార్చే నీళ్ళకు బకెట్టు పెట్టిన గది, నా తరగతి.
నలుగురు అమ్మాయిలు, ఒక సింకు,
చెవి తెగిన ప్లాస్టిక్ బొమ్మ తల.

మొదటి పాఠం చేతులు.
నలభై లెక్కపెట్టేదాకా రుద్దాలి, అంటాను.
షంషాద్ ఇరవైకే కొళాయి కట్టేస్తుంది.
మూడేళ్ళు ఒక ఇంట్లో
నీళ్ళు పారబోస్తోందని తిట్లు తిన్న చెయ్యి అది.
తిప్పు మళ్ళీ, అంటాను.
బొటనవేలు మరిచిపోయావు.
అందరూ బొటనవేలే మరిచిపోతారు.

రెండో పాఠం నీలం మందు.
జాడీలో దువ్వెన పిడితో సహా మునగాలి.
ముందు వెంట్రుకలు తియ్యాలి, సబ్బుతో కడగాలి.
మురికి మీద మందు పోస్తే
మురికికి తలంటు పోసినట్టే.
పది నిమిషాలు. తొమ్మిది కాదు.
తిగిస్త్ గోడ గడియారం చూసి నవ్వింది.
"మేడం, కత్తెరకు పది నిమిషాల విశ్రాంతి ఉందే,
మా కాంట్రాక్టులో లేదు."
నా నోటుపుస్తకంలో దానికి జవాబు లేదు.
బోర్డు తుడిచాను.

తిగిస్త్‌కూ మారిసెల్‌కూ
అరబ్బీ అతుకులేసిన ఇంగ్లీషు చాలు.
షంషాద్‌కూ సువార్తకూ మన మాటలో చెప్పబోతే
'అంటు' దగ్గర నాలుక తడబడుతుంది.
మామిడికి కట్టేదీ అదే మాట.
నేను రాయచోటి నుంచి తోమడానికొచ్చినవీ అంట్లే,
పద్నాలుగేళ్ళ కింద.
సువార్త తల దించుకుంది.
ఆ మాట ఆమెకు నాకంటే ముందే తెలుసు.

మా జేజి మంత్రసాని.
ఊళ్ళో సగం బొడ్లు కోసిన చెయ్యి.
బిడ్డ ఏడ్చేదాకా అమ్మా, తల్లీ.
ఏడ్చాక, వసారా కింద నిలబెట్టి
దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్ళు మజ్జిగ.
ఆ జేజే కత్తిని సలసల కాగే నీళ్ళల్లో వేసి
ఒక వక్కాకు నమిలేంతసేపు కదిలించనిచ్చేది కాదు.
ఎవరు చెప్పారో ఆమెకు.
ఎంతసేపు నమిలేదో
నేనెప్పుడూ గడియారం పెట్టి చూడలేదు.

ఇక్కడ మొదటి ఇంట్లో నా గ్లాసు
సింకు కింద, బ్లీచింగ్ డబ్బా పక్కన ఉండేది.

సువార్తా, ఇటు చూడు.
ఈ పాఠంలో అంటుకు ఇంటిపేరు లేదు.
షేఖా మడమ పగులైనా, నీ మడమ పగులైనా
తడి దొరికితే కాపురం పెడుతుంది.
అందుకే ప్రతి చేతికీ ఒకే కడుగుడు.
రాసుకో.

రంజాన్ చివరి రాత్రి.
కింద సెలూన్లో నిలబడ్డానికి చోటు లేదు,
గోరింటాకు వాసన, డ్రయ్యర్ల హోరు.
సువార్త చేతిలో గోరు కత్తెర జారింది.
పెళ్ళికూతురి చిటికెన వేలు,
ఆవగింజంత రక్తం.
తమ్ముడి వేలైనట్టు
నోటి దగ్గరికి తీసుకోబోయింది పిచ్చిపిల్ల.
"ఆగు," అన్నాను.

ఆగింది. గ్లవ్స్ తొడుక్కుంది.
దూది పెట్టి నొక్కి పట్టింది, మందద్దింది.
ఆకురాయి చెత్తలోకి, కడిగిన కత్తెర జాడీలోకి.
ఓనరమ్మ ఉమ్ సాలిం గల్లాపెట్టె దగ్గర్నుంచి అరిచింది.
ఇంకో కత్తెర లేదా?
ఉన్న రెండూ నీలంలోనే ఉన్నాయి.
వరస గొణిగింది.
నేను గడియారం వైపు వేలు చూపించాను,
లోపల గుండె మాత్రం అకామా చుట్టూ తిరుగుతోంది.

సువార్త స్టూలు మీద కూర్చుంది,
పొద్దుటి నుంచి మొదటిసారి.
చెప్పుల్లోంచి వాచిన పాదాలు బయటికి తీసింది.
పెళ్ళికూతురు బ్యాగులోంచి ఖర్జూరం తీసి చాపింది.
అందుకోబోయి ఆగింది సువార్త.
గ్లవ్స్ ఒలిచి పారేసింది, సింకు దగ్గరికి నడిచింది.
బొటనవేలు కూడా రుద్దుకుంటూ
తెలుగులో, పైకే లెక్కపెట్టింది.
ముప్పై మూడు రెండుసార్లు వచ్చింది.
నేను దిద్దలేదు.